గ్యాలరీ నిండిన శుక్రవారం

రమీజా ఉల్లిగడ్డల బస్తా విప్పలేదు.

గురువారం మధ్యాహ్నం రెండు దాటింది. మామూలుగా ఈపాటికి బయటి వంటింట్లో కూర్చుని సగం బస్తా తరిగేసి, కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, సాయం చెయ్యని మొగుణ్ణి తిట్టిపోస్తూ ఉండేది. శుక్రవారం పొద్దునకల్లా మూడు పెద్ద డేగిసాల నిండా కుస్కా, ముక్కల్లేని బిర్యానీ అన్నం, దిగాలి. ఫుట్‌బాల్ చూడటానికి వచ్చే నాలుగైదు వందల మందికి పొట్లాలు కట్టాలి. అక్టోబరు నుంచీ వారం వారం జరుగుతున్నదే.

ఈరోజు కత్తిపీట గోడకి ఆనించే ఉంది. రమీజా గదిలో ఇనప మంచం మీద కూర్చుని కూతురికి కొన్న గౌను మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

రసూల్ గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటి మీద ఆకుపచ్చ జాకెట్టు, వీపున ఖర్జూరం చెట్టు బొమ్మ. నఖ్లా ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు ఇచ్చింది. మార్చి ఎండ మొదలైనా మనిషి దాన్ని విప్పడు.

"ఏమ్మే, టైమెంతయిందో చూసినావా?"

ఆమె గౌను మళ్ళీ విప్పింది.

"ఉల్లిగడ్డలు అట్లనే ఉండాయి. రేపు జనం వస్తే ఏం పెట్టల్ల?"

"నీ తలకాయి పెట్టు," అంది రమీజా, గౌను మీంచి చూపు తిప్పకుండా.

రసూల్ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో రమీజా అరిచినప్పుడు అతను భయపడలేదు. గొంతు తగ్గించినప్పుడే భయపడేవాడు. ఇప్పుడు గొంతు బాగా తగ్గి ఉంది.

"నిన్న మామా కాడ ఇస్త్రీ చేస్తాంటే ఒక మాట చెప్పింది," అంది.

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆ ఇంట్లో పనిచేసే వాళ్ళందరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ముబారక్; వాళ్ళ నోట ఆయన బాబా, ఆయన భార్య మామా. రసూల్ ఇంటి డ్రైవరు, రమీజా ఇంటి పనిమనిషి. అబూ హమూర్‌లో ఆ విల్లా ప్రహరీకి ఆనుకుని ఉన్న ఒంటి గది వాళ్ళ కాపురం.

"ఏం చెప్పింది?"

"నీ మొగుడు మంచోడు రమీజా, మేము బతిమాలాల్సిన పనే లేకపోయింది, సెలవు జూన్‌లో ఇస్తే చాలని తనే ఒప్పుకున్నాడు, అనింది."

రసూల్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

రెండు నెలల నుంచీ అతను భార్యకి చెబుతున్నది వేరు. బాబా సంతకం పెట్టడం లేదన్నాడు. రేపు పెడతాడన్నాడు, పండగ అయ్యాక పెడతాడన్నాడు, ఆదివారం పెడతాడన్నాడు. కఫీల్ సంతకం లేకుండా ఈ అరబ్బు దేశం గడప దాటడానికి లేదు. ఆ మాట ఎవరికి తెలీదు గనక. రమీజా నమ్మింది. నమ్మి, బాబాని తిట్టుకుంటూనే, రెండు నెలలుగా నమాజుకి కూర్చున్నప్పుడల్లా ఆయన మనసు కరగాలని దువా చేసింది.

"అది అట్ల కాదుమే..."

"ఎట్లయితే అట్ల చెప్పు. వింటాండా."

ఎలా చెప్పాలి. జనవరిలో ఒక సాయంత్రం బాబా అతిథులని కూర్చోబెట్టే మజ్లిస్‌లో పదిమంది పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఖహ్వా కాఫీ అందిస్తున్న రసూల్ భుజం మీద బాబా చెయ్యి వేశాడు. వేసి, "మా క్లబ్బు గ్యాలరీకి ముదీర్ ఇతనే," అన్నాడు. ముదీర్ అంటే మేనేజరు. ఆరేళ్ళుగా "యల్లా, కారు తియ్" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి రసూల్. పదిమందీ తలలు తిప్పి అతని మొహం చూశారు. ఆ చూపుల వెచ్చదనంలో ఉండగానే బాబా అడిగాడు, "నువ్వు పోతే మా గ్యాలరీ ఎవరు నింపుతారు? సీజన్ అయ్యాక జూన్‌లో పో. ఏమంటావ్?"

రసూల్ ఏమన్నాడో వేరే చెప్పాలా? "మాఫీ ముష్కిల్, బాబా" అన్నాడు. ఏం ఇబ్బంది లేదని.

ఆ మాట అతని నోటికి అంటుకుపోయిన బంక. టైరు పేలినా మాఫీ ముష్కిలే, అన్నం తినే వేళకి డ్యూటీ పడినా మాఫీ ముష్కిలే. ఇంటి డ్రైవర్లందరూ నేర్చుకునే మొదటి అరబ్బీ అదే, కొందరికి అదే ఆఖరుది కూడా.

"జనం ముందర అడిగినాడుమే. కాదని ఎట్ల అనేది?"

"నోటితో అనేది."

"నీకేం తెలుసు, ఆడ కూర్చున్నోళ్ళు ఎట్లాంటోళ్ళో..."

"నాకు ఒకటే తెలుసు. నేను రెణ్ణెల్లు బాబాను శాపనార్థాలు పెట్టినా. మనకు అడ్డం పడింది ఆయన కాదు. నువ్వు."

రసూల్ మంచం చివర కూర్చున్నాడు. ఆమె లేచి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది.

వచ్చే శుక్రవారం వాళ్ళ కూతురు ఖమర్ సుల్తానాకి బిస్మిల్లా. బిడ్డకి సరిగ్గా నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి పాఠం చెప్పించే వేడుక. పెళ్ళిని వాయిదా వేసుకోవచ్చు, కొత్తింట్లో చేరడాన్ని వాయిదా వేసుకోవచ్చు. ఈ తేదీని జరపడానికి ఎవరి వల్లా కాదు. రాయచోటిలో రసూల్ అక్క ఖాసింబీ దగ్గర రెండేళ్ళ వయసు నుంచీ పెరుగుతున్న పిల్ల అది.

"నాకు ఎవురూ బిస్మిల్లా చెయ్యల," అంది రమీజా. "మా నాయన దూది ఏకను ఊర్ల మీద పోతాన్న్యాడు, మా యమ్మకు గుర్తు లేదు. ఆ రోజు దాటిపోయిందని మల్ల ఎవురూ పట్టించుకోల. నాకు అలిఫ్ రాదు, అ ఆ రాదు. నా బిడ్డకన్నా నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిస్తానని అనుకున్న్యా. ఇది తప్ప నిన్ను నేనేమన్నా అడిగినానా?"

"లేదు."

"పోయిన వారం ఫోన్‌లో పిల్ల ఏమడిగిందో విన్న్యావు కదా."

విన్నాడు. ఉమ్ ఘువైలినాలో ఫోన్ బూత్ ముందు గంటసేపు వరసలో నిలబడి చేసిన ఫోన్. ఖమర్ రిసీవర్ పట్టుకుని, "ఎవురు మాట్లాడేది?" అని అడిగింది. అమ్మనే అని రమీజా చెప్పింది. "అమ్మ ఈడనే ఉండాది," అని పిల్ల రిసీవర్ ఖాసింబీకి ఇచ్చేసింది.

"మంగళవారం విమానం ఎక్కితే బొంబాయిలో రైలు పట్టుకుని గురువారానికి కడపలో దిగుతాం," అంది రమీజా. "రేపు లోపల సంతకం కాకపోతే ఇంగ లేదు. నువ్వు చేసింది నువ్వే సరిచెయ్యి. అంతవరకు నేను ఆ డేగిసాలు ముట్టను."

"రేపు జనం?"

"ఆకలైతే బంతి తింటారులే."

*

నఖ్లా క్లబ్బు లీగులో చోటు లేని చిన్న క్లబ్బు. మట్టి మైదానం, ఒక పక్క ఏడు సిమెంటు మెట్ల గ్యాలరీ, ఒక నీళ్ళ ట్యాంకు. దానికి ముబారక్ అధ్యక్షుడు. లీగులో చేర్చుకోమని అడిగితే, ముందు మీ ఆటకి జనం వస్తున్నారని చూపించండి అన్నారట. మొదటి వారం వచ్చింది పంతొమ్మిది మంది. అందులో పదకొండు మంది ఆటగాళ్ళ అన్నదమ్ములే.

అప్పుడు బాబా కళ్ళు రసూల్ మీద పడ్డాయి. క్లబ్బు బస్సు ఇచ్చి, జనాన్ని తెమ్మన్నాడు. రసూల్ సనయ్య అనే కార్ఖానాల పేట దగ్గరి లేబర్ క్యాంపులకి వెళ్ళి, జగిత్యాల, ఆర్మూరు వైపు వాళ్ళని పోగేశాడు. అన్నం పెడతామన్నాడు. అరవై అయ్యారు, నూట నలభై అయ్యారు, నాలుగు వందలు దాటారు. బస్సు నాలుగు ట్రిప్పులు తిరిగినా చాలక నడిచి రావడం మొదలుపెట్టారు. ఇదంతా తన తెలివి, రమీజా చేతి కుస్కా అని రసూల్ గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకానికి తొడుక్కున్న చొక్కాయే ఆ ఆకుపచ్చ జాకెట్టు.

గురువారం సాయంత్రం మనసొప్పకపోయినా క్లబ్బు బస్సు తీసుకుని క్యాంపుకి వెళ్ళాడు. రాజన్న గది ముందు డ్రమ్ము మీద కూర్చుని అద్దం చేత్తో పట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి, తాపీ మేస్త్రి, క్యాంపులో అందరికీ పెద్దదిక్కు.

"రాజన్నా, రేపు కుస్కా లేదు."

"అట్లనా? చెల్లెకు పానం బాలేదా?"

"బానే ఉండాది. నా మీద కోపం." రసూల్ చెప్పకూడదనుకుంటూనే జరిగిందంతా చెప్పేశాడు. చెప్పి, "కాబట్టి రేపు మీవాళ్ళు రారు గదా. ఆ మాట బాబాకు నేనే చెప్పుకుంటా," అన్నాడు.

రాజన్న కత్తి ఆపాడు. సగం మొహం నురగతోనే నవ్వాడు.

"మీ కుస్కా కోసం వస్తున్నమనుకున్నవా భాయ్?"

"మరి?"

"కుస్కా మంచిగనే ఉంటది. చెల్లె చెయ్యి మంచిది. గని గా బువ్వ కోసం ఐదు మైళ్ళు నడుస్తర ఎవలన్న? మా సాయిబాబు ఉన్నడు. ఆయన తమ్ముడు అల్‌ఖోర్ కాడ క్యాంప్‌ల ఉన్నడు. ఇద్దరు ఒక్క దేశంల ఉండి రెండేండ్లు మొఖాలు చూసుకోలే. మీ గ్యాలరీ పైమెట్టు మీద కలిసిండ్రు. నీకు ఎరుకేనా?"

ఎరుక లేదు. గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టడమే తప్ప రసూల్ ఆ తలలు ఏం చేస్తున్నాయో చూడలేదు.

"ఇంటికాడోళ్ళు మాటలు పట్టి పంపిన కాసెట్లు, చిట్టీలు అన్ని ఆడికే వస్తయి," అన్నాడు రాజన్న. "గా వారం ఊరికి పోయెటోడు మొదటి మెట్టు మీద కూసుంటడు. అందరు తెచ్చి ఆయనకు ఇచ్చుడే. ఊరికెంచి వచ్చినోడు గూడ అక్కడ్నే కూసుంటడు. పేరు పెట్టి పిలుస్తడు, ఎవలది వాళ్ళకు ఇస్తడు. మల్లాపురపోళ్ళు ఒక్క దిక్కు, మెట్‌పల్లోళ్ళు ఒక్క దిక్కు. మీ కడప డ్రైవర్లు గూడ గోడ పక్కన కూసుంటరు గద."

"మరి ఆట?"

"ఏం ఆట?"

రసూల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆర్నెల్ల ముదీర్‌గిరీ నీళ్ళపాలైనట్టు అనిపించింది. మొదట ఉక్రోషం వచ్చింది. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది.

"అంటే, నేను లేకపోయినా వస్తారా?"

"నువ్వు లేకున్న వస్తం. బస్సు లేకున్న వస్తం. ఏమనుకోకు భాయ్."

"వచ్చే శుక్రవారం?"

"వస్తం. పో, పొయ్యి నీ సేటుకు చెప్పు. మొగడు పెండ్లాం ఇద్దరు పోండ్రి. బిడ్డ కాడ ఉండాలె గసొంటి దినం."

మాట సులువే. రాజన్న చెప్పేవరకూ తట్టనంత సులువు. నా వల్ల ఎవరూ రావడం లేదు బాబా, నన్ను పోనివ్వు. ఈ రెండు వాక్యాలు అంటే ఇద్దరి కాగితాలూ చేతికి వస్తాయి. కాకపోతే అవి అన్నాక ముదీర్ మిగలడు. బాబా టీముని చూడ్డానికీ ఎవరూ రావడం లేదన్నది దాని వెనకే బయటపడుతుంది. ఆ సంగతి బాబా మొహం మీద చెప్పాలి.

బస్సులో తిరిగి వస్తూ రసూల్ ఆ రెండు వాక్యాలనీ అరబ్బీలో కూర్చుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పైకి అనుకున్నాడు.

*

శుక్రవారం మూడున్నరకి మైదానం గేటు దగ్గర నేల ఈనినట్టున్నారు జనం.

కుస్కా లేదని తెలిసీ వచ్చారు. బాబా గుమాస్తా ముఖ్తార్, పాతబస్తీ మనిషి, చేతిలో టకటకలాడే మీట నొక్కుతూ తలలు లెక్కపెట్టి, "ఆరు వందల పన్నెండు. మాషా అల్లా, రసూల్ మియా, నువ్వు జాదూగర్," అన్నాడు.

మునుపైతే ఆ మాటకి జాకెట్టు ఇంకాస్త బిగుతయ్యేది. ఇవాళ అది వీపున గుచ్చుకుంది.

"ముఖ్తార్ భాయ్, మా కాగితాలు ఎక్కడున్నాయి?"

"సంచీలోనే ఉన్నాయి. రెండూ జనవరిలోనే టైపు కొట్టా. నీదొకటి, మీ ఇంటామెదొకటి. సంతకం పడితే నీ చేతికిస్తా, రేపు తెచ్చావంటే ఆఫీసులో ముద్ర వేయిస్తా. ఒక్క నిమిషం పని."

ఆ ఒక్క నిమిషం కోసం రసూల్ గొడుగు కింద కూర్చున్న బాబా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆట మొదలై పావుగంటయింది. మొదటిసారి అతను గ్యాలరీని సరిగా చూశాడు. ఆరు వందల మందిలో మైదానం వైపు మొహం పెట్టినవాళ్ళు పదిమంది కూడా లేరు. గుంపులు గుంపులుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేట్టు, ఒకళ్ళ వైపు ఒకళ్ళు తిరిగి కూర్చున్నారు. మైదానానికి కనిపించేవి వీపులు.

చెబుదామని నోరు తెరిచాడు. బాబా చెయ్యి ఎత్తాడు, ఆట చూడనిమ్మని.

ఆ సమయంలో మధ్య మెట్టు మీద సాయిబాబు చుట్టూ యాభై మంది చేరి ఉన్నారు. వాళ్ళ మధ్య టేప్ రికార్డర్‌లో సాయిబాబు భార్య బాలవ్వ పంపిన కాసెట్ తిరుగుతోంది. ఆమె గొంతు గ్యాలరీ కింది దాకా వినబడుతోంది. ఊళ్ళో వాళ్ళకి ఏ అరబ్బు దేశమైనా దుబాయే.

"ఓ మనిషీ, నువ్వు దుబాయ్ కెంచి పంపిన అత్తరు మంచిగ ముట్టింది. మీ అవ్వ దాన్ని పట్టుకపొయ్యి బర్రెకు రాసింది, ఈగలు పోతయని. ఇప్పుడు వాడకట్టు మొత్తంల మన బర్రెనే సోకుగ ఉన్నది."

గ్యాలరీ అంతా ఒక్కసారిగా గొల్లుమంది. చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. వినని వాళ్ళకి విన్నవాళ్ళు చెప్పారు, వాళ్ళూ నవ్వారు.

ఖర్మకాలి సరిగ్గా అప్పుడే ఎదుటి టీము వాడు తన్నిన బంతి నఖ్లా గోల్‌లోకి వెళ్ళింది.

బాబా కుర్చీలోంచి లేచాడు. గ్యాలరీ వైపు తిరిగాడు. మొహం ఎర్రబడింది. అరబ్బీ సగం, హిందీ సగం కలిపి, "వీళ్ళు ఎవరి మనుషులు?" అని అడిగాడు.

"మనవాళ్ళే బాబా."

"మనకి గోల్ పడితే చప్పట్లు కొట్టారు."

"గోల్‌కి కాదు బాబా. బర్రెకు."

బాబా అతని వైపు చూసిన చూపుకి ఇంకొకడైతే పారిపోయేవాడు. రసూల్‌కి పారిపోవడానికి చోటు లేదు. నిన్నటి నుంచీ కూర్చుకున్న అరబ్బీ అంతా చెదిరిపోయింది. నోటికి వచ్చిన హిందీలో, చేతులు తిప్పుతూ, అంతా చెప్పేశాడు. కాసెట్ల సంగతి చెప్పాడు, మొదటి మెట్టు సంగతి చెప్పాడు. ఈరోజు కుస్కా వండలేదని చెప్పాడు. తన వల్ల ఒక్కడూ రావడం లేదని చెప్పాడు.

చెప్పడం అయిపోయాక ఒళ్ళు తేలికైంది. సిగ్గుగా కూడా ఉంది. ఆర్నెల్ల గొప్ప ఆరు మాటల్లో పోయింది. అయినా రమీజా వింటే మెచ్చుకునేది అనుకున్నాడు.

విరామం విజిల్ మోగింది. బాబా గడ్డం దువ్వుకుంటూ ఆ వీపులకేసి చూస్తున్నాడు.

"నీ కోసం రారు," అన్నాడు చివరికి.

"రారు బాబా."

"తిండి కోసం రారు. ఆట కోసం రారు."

"లేదు బాబా."

"నువ్వు లేకపోయినా వస్తారు."

"వస్తారు. వచ్చే శుక్రవారం కూడా వస్తారు. నేను మాట తీసుకున్నా."

బాబా నవ్వాడు. కోపం పోయింది, లెక్క తేలిపోయిన మనిషి నవ్వు అది. "జైన్," అన్నాడు, బాగుందని. "లీగు వాళ్ళకి కావాల్సింది తలలు. తలలు వస్తాయి. ముఖ్తార్, వచ్చే వారానికి వీళ్ళందరినీ ఇటు తిప్పి కూర్చోబెట్టే పని నీది." ముఖ్తార్ చేతిలో మీట ఆగిపోయింది. "రసూల్ కాగితం ఇటు తే."

ముఖ్తార్ సంచీలోంచి రెండు కాగితాలు తీశాడు. బాబా రెండిటినీ చూశాడు. ఒకటి మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి రసూల్ చేతికిచ్చాడు. రెండోది తిరిగి సంచీలో పెట్టమన్నాడు.

"నువ్వు పో. పది రోజుల్లో రా. నీ కూతురి పండగ కదా, చూసిరా."

"బాబా, రమీజా..."

"రమీజా ఎలా పోతుంది? వచ్చే శుక్రవారం లీగు వాళ్ళకి మా ఇంట్లో భోజనం. ఆ కుస్కా వాళ్ళు తినాలి. ఆమెది జూన్‌లో చూద్దాం."

"బాబా... బింత్... కూతురు... ఖమర్‌కి అమ్మ..."

రెండో సగానికి విజిల్ మోగింది. బాబా చూపు అప్పుడే మైదానం మీదికి వెళ్ళిపోయింది. అటే చూస్తూ, "ఏం, ముష్కిల్ ఉందా?" అన్నాడు.

ఒక్క మాట చాలు. ఉంది. అరబ్బీలో అది ఇంకా చిన్న మాట. రసూల్‌కి ఆ మాట వచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"మాఫీ ముష్కిల్, బాబా," అన్నాడు.

*

గ్యాలరీ పక్కనుంచి తల వంచుకుని పోదామనుకున్నాడు. చేతిలో కాగితాన్ని రాజన్న దూరం నుంచే పసిగట్టాడు.

"సంతకం పడ్డదా? పడ్డదిర! రసూల్ భాయ్ ఊరికి పోతున్నడు!"

నాలుగు చేతులు కలిసి అతన్ని మొదటి మెట్టు మీద కూర్చోబెట్టాయి. వద్దనే లోపల ఒళ్ళో ఉత్తరం పడింది. తర్వాత కాసెట్. కడప డ్రైవర్లు గోడ పక్కనుంచి లేచి వచ్చారు. పులివెందుల రామాంజులు ప్లాస్టిక్ సంచీ తెచ్చి, "రాయచోటి బస్టాండులో మా బామ్మర్ది ఉంటాడన్నా, వానికియ్యి చాలు," అన్నాడు. జగిత్యాల వాళ్ళు బొంబాయిలో ఫలానా వాడికి ఇమ్మన్నారు. సంచీ నిండింది. రెండో సంచీ వచ్చింది.

"చెల్లె గూడ వస్తది గద?" అన్నాడు రాజన్న పక్కన కూర్చుంటూ. "బిడ్డ మొదటి పాఠం చెప్తుంటే గా గొంతు కాసెట్‌ల పట్టుకరా. మేమందరం ఈడ పెట్టుకుని వింటం."

రసూల్ తలూపాడు. ఆ ఊపు దేనికో రాజన్న తనకి తోచినట్టు అనుకున్నాడు. అతను సర్దిచెప్పలేదు. సర్దిచెప్పడానికి మొహం చెల్లలేదు. ముఖ్తార్ సంచీలో మడతపడి ఉన్న రెండో కాగితం గురించి ఈ ఆరు వందల మందికి చెప్పడం కంటే బండి కింద పడటం నయమనిపించింది.

అతని వీపు వెనక ఆట ఎప్పుడు ముగిసిందో కూడా తెలియలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక ఇల్లు చేరాడు. ప్రహరీ దాటుతుండగానే తాలింపు వాసన వచ్చింది. గదిలో స్టవ్ వెలిగి ఉంది. చిన్న గిన్నెలో ఇద్దరికి సరిపడా చారు కాగుతోంది. పెట్టె మంచం మీద తెరిచి ఉంది, పైన కూతురి గౌను.

రమీజా అతని చేతుల్లో సంచీలు చూసింది. మొహం విప్పారింది. ఆ మొహం చూసి ఎన్నాళ్ళయిందో రసూల్‌కి గుర్తు రాలేదు.

"పెట్టినాడా సంతకం?"

"పెట్టినాడు."

"అల్లా." ఆమె కింద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇవన్నీ ఊరికి తీసుకపోమని ఇచ్చినారా? ఎన్ని కాసెట్లు! ఎట్ల పడతాయి పెట్టెలో? ఉండు, గౌను మధ్యన పెడతా, పగలవు." ఒక్కొక్కటే తీసి, పక్కన ఆనించి, గుడ్డ చుట్టి పెట్టసాగింది. "నిన్న నిన్ను శానా మాటలన్న్యా. ఏమనుకోవద్దు. నీ నోట మాట రాదేమోనని అంత కోపం వచ్చింది. చెప్పినావు కదా చివరికి."

"రమీజా..."

"కాగితం ఏదీ? చూపీ."

అతను ఇవ్వలేదు. ఆమే జాకెట్టు జేబులోంచి తీసుకుంది. దీపం దగ్గరికి తీసుకుపోయి విప్పింది. నీలి సిరా సంతకాన్ని చూసింది, చూసి కళ్ళకద్దుకుంది.

"ఇద్దరిదీ ఒక కాగితంలోనే రాసినారా?"

రసూల్ ఏదో అన్నాడు. అతనికే వినబడలేదు. చారు పొంగి స్టవ్ మీద పడి చుయ్యిమంది. ఇద్దరూ కదలలేదు.

రమీజా అతని పక్కకి వచ్చి నిలబడింది. కాగితం ఇద్దరి మధ్యన పెట్టి, టైపు కొట్టిన అక్షరాల మీద చూపుడు వేలు కుడి నుంచి ఎడమకి మెల్లగా నడిపించింది. వచ్చే శుక్రవారం పిల్లచేత నడిపించబోయేది ఇలాగే కదా అన్నట్టు, చిన్నగా నవ్వుతూ.

"ఇందులో నా పేరు యాడుండాదో చెప్పు. నా పేరు నేను ఎప్పుడూ చూడల."

ఆమె వేలు రెండో వరసలో ఒక చోట ఆగింది. రసూల్ పేరు మీద.

"ఇదేనా?" అంది.